తండ్రులు యుద్ధానికి వెళ్ళారు, పిల్లలకేమైంది?

ఆరోగ్య పాఠం



ప్రసూతి వార్డులో పనిచేసే మాకు ఒక ప్రశ్న బాగా పరిచయం. బిడ్డ వీపు మీద నీటితిత్తి లాంటి గడ్డతోనో, గ్రహణమొర్రితోనో, వంకర పాదంతోనో పుట్టినప్పుడు బంధువులు మొదట అడిగేది "దీనికి వైద్యం ఏమిటి?" అని కాదు, "ఇది ఎవరి వల్ల వచ్చింది?" అని. గ్రహణం నాడు బయటికి వచ్చిందేమో, కత్తిపీట పట్టుకుందేమో, తినకూడనిది తిన్నదేమో అంటూ అందరి చూపూ తల్లి మీదికే వెళ్తుంది. పచ్చి బాలింత గోడ వైపు తిరిగి పడుకొని కన్నీళ్ళు పెట్టుకోవడం మేము ఎన్నోసార్లు చూశాము.

ఇదే ప్రశ్న మనకు చాలా దూరంలో, అమెరికాలోను వియత్నాంలోను, వేలాది ఇళ్ళలో వినబడింది. అక్కడ తమను తాము నిందించుకొన్నవారిలో తండ్రులు ఎక్కువ. "నేను యుద్ధంలో తగిలించుకొన్న విషమే నా బిడ్డకు వచ్చిందా?" అని వారు డాక్టర్లను అడిగారు, ప్రభుత్వాన్ని అడిగారు, కోర్టులనూ అడిగారు. ఆ ప్రశ్నకు ఇంతవరకు దొరికిన జవాబేమిటో, దాని నుండి మన ఇళ్ళకు పనికివచ్చేది ఏమిటో ఈ పాఠంలో నేర్చుకొందాము.

1. అసలు ఏమి జరిగింది?

వియత్నాం యుద్ధంలో శత్రుసైనికులు దట్టమైన అడవుల్లో దాగి పోరాడేవారు. ఆ అడవుల ఆకు రాల్చడానికి, పంటలు పాడుచేయడానికి అమెరికా వైమానిక దళం 1962 నుండి 1971 వరకు విమానాల ద్వారా కలుపు మందులు చల్లించింది. ఈ పనికి ఆపరేషన్ రాంచ్ హ్యాండ్ అని పేరు. మొత్తం 7 కోట్ల లీటర్లకు పైగా మందు చల్లారు. అందులో సగానికి మించి ఏజెంట్ ఆరెంజ్ అనే రకం. మందు రంగు నారింజ కాదు. డ్రమ్ముల మీద గుర్తుగా నారింజ రంగు పట్టీ వేసేవారు గనుక ఆ పేరు వచ్చింది.

ఏజెంట్ ఆరెంజ్‌లో 2,4-డి, 2,4,5-టి అనే రెండు కలుపు మందులు సమపాళ్ళలో ఉండేవి. 2,4,5-టి తయారయ్యేటప్పుడు ఎవరూ కోరుకోని మరొక పదార్థం కొద్దిగా పుట్టి అందులో కలిసిపోయేది. దాని పేరు డయాక్సిన్. డయాక్సిన్లు చాలా రకాలు. వాటన్నిటిలో ఎక్కువ విషపూరితమైన టి.సి.డి.డి. అనే రకమే ఇందులో ఉంది. 1970 ఏప్రిల్‌లో ఏజెంట్ ఆరెంజ్ వాడకాన్ని అమెరికా నిలిపివేసింది. అప్పటికే విమానాల్లో మందు నింపినవారు, డ్రమ్ములు మోసినవారు, చల్లిన చోట నడిచినవారు, అక్కడి నీళ్ళు తాగినవారు ఎందరో ఉన్నారు. వారిలో అమెరికా సైనికులు, రెండు పక్షాల వియత్నాం సైనికులు, ఏ పక్షానికీ చెందని రైతులు, తల్లులు, పిల్లలు అందరూ ఉన్నారు.

2. డయాక్సిన్ శరీరంలో ఏమి చేస్తుంది?

డయాక్సిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువల్ల ఒంటిలోకి వెళ్ళినది మూత్రంతో త్వరగా బయటికి పోదు, కొవ్వులో నిలిచిపోతుంది. అందులో సగం తగ్గడానికే 7 నుండి 11 సంవత్సరాలు పడుతుంది. 20 ఏళ్ళ వయసులో యుద్ధానికి వెళ్ళిన యువకుడు తిరిగి వచ్చి, పెళ్ళి చేసుకొని, పిల్లలను కనే నాటికి కూడా ఆ విషం కొంత ఒంటిలో మిగిలి ఉండవచ్చునన్నమాట.

మట్టిలో పడినది కూడా మట్టిని అంటిపెట్టుకొని చాలా ఏళ్ళు ఉంటుంది. వాన నీటితో చెరువు అడుగు బురదలోకి చేరుతుంది. బురదలోని పురుగులను చేపలు, బాతులు తింటాయి. వాటిని మనుషులు తింటారు. ఇలా ఒక మెట్టు నుండి ఇంకొక మెట్టుకు దాని మోతాదు పెరుగుతుంది. మనుషులకు డయాక్సిన్ 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే, ముఖ్యంగా మాంసం, చేపలు, పాల పదార్థాల ద్వారా చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

టి.సి.డి.డి. మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిర్ధారించింది. సైనికుల సొంత ఆరోగ్యం విషయంలో సాక్ష్యం బలంగానే ఉన్నది. కొన్ని రకాల క్యాన్సర్లు, మధుమేహం వంటి జబ్బులకు అమెరికా ప్రభుత్వం ఈ కారణంగానే పరిహారం ఇస్తున్నది. పిల్లల విషయం మాత్రం అంత సులభంగా తేలలేదు.

3. తండ్రి నుండి బిడ్డకు ఎలా చేరవచ్చు?

తల్లి విషయంలో దారి స్పష్టం. తల్లి ఒంటిలోని డయాక్సిన్ మాయ ద్వారా గర్భంలోని బిడ్డకు, పుట్టిన తరువాత పాల ద్వారా పసిబిడ్డకు చేరుతుంది. తండ్రి విషయం వేరు. బిడ్డకు తండ్రి ఇచ్చేది వీర్యకణం ఒక్కటే. వీర్యకణాలు రెండున్నర నెలలకొకసారి కొత్తగా తయారవుతాయి. కాబట్టి యుద్ధం ముగిసిన కొన్ని సంవత్సరాలకు పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారా హాని కలగాలంటే, ఒంటిలో మిగిలిన విషం అప్పటికీ పనిచేస్తూ ఉండాలి, లేదా వీర్యకణాలను తయారుచేసే మూలకణాలకే మార్పు జరిగి ఉండాలి.

జన్యువులు చెడకపోయినా, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో చెప్పే రసాయన గుర్తులు జన్యువుల మీద ఉంటాయి. ఆ గుర్తులు మారితే తరువాతి తరాలకు కూడా తేడా రావచ్చునని ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. మనుషుల్లో మాత్రం ఇది ఇంకా రుజువు కాలేదు. 1976లో ఇటలీలోని సెవెసోలో రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి ఊరి మీద డయాక్సిన్ పడింది. చిన్న వయసులో అక్కడ విషం తగిలిన మగవారికి తరువాత మగపిల్లలు తక్కువగా, ఆడపిల్లలు ఎక్కువగా పుట్టారని 2000లో పరిశోధకులు ప్రచురించారు. తండ్రికి తగిలినది సంతానం మీద ఏదో ఒక గుర్తు వేయగలదని దీనివల్ల తెలిసింది. అయితే ఆడపిల్ల పుట్టడం లోపం కాదు గదా! అవయవ లోపాలకు ఇది సాక్ష్యం కాదు.

4. ఒక కుటుంబం సంగతి

అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ 1968 నుండి 1970 వరకు వియత్నాంలో అమెరికా నౌకాదళానికి అధికారి. నదుల్లో పడవల మీద తిరిగే తన సైనికులను ఒడ్డున పొదల్లో దాగినవారు కాల్చి చంపుతున్నందున, ఆ ఒడ్డున ఏజెంట్ ఆరెంజ్ చల్లించమని ఆయనే ఆజ్ఞ ఇచ్చారు. ఆ పడవల్లో ఒకదాని మీద ఆయన సొంత కుమారుడు, అదే పేరుగలవాడు, అధికారిగా పనిచేస్తున్నాడు.

కుమారునికి 1983లో లింఫ్ గ్రంథుల క్యాన్సర్ బయటపడింది. 1988లో 42 ఏళ్ళ వయసులో చనిపోయాడు. మనుమడు నేర్చుకోవడంలో తీవ్రమైన ఇబ్బందులతో పుట్టాడు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి 1986లో ఒక పుస్తకం వ్రాశారు. ఆ చెట్లు రాల్చడం వలన ఎందరో సైనికుల ప్రాణాలు దక్కాయని ఇద్దరూ నమ్మారు. తన జబ్బుకు, తన బిడ్డ ఇబ్బందికి ఆ మందే కారణమని కుమారుడు నమ్మాడు, అయినా తండ్రిని తప్పుపట్టలేదు. తండ్రి తన మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం ఆ సైనికుల కోసం పోరాడి 2000లో కన్నుమూశారు.

మనుమని ఇబ్బందికి కారణం డయాక్సినే అని ఏ పరీక్షా నిరూపించలేదు, కాదని కూడా ఏ పరీక్షా చెప్పలేదు. ఇలా తేలని ప్రశ్నతోనే బ్రతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

5. పరిశోధన ఏమి చెబుతున్నది?

ముందుగా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఏ విషమూ తగలని తల్లిదండ్రులకు కూడా కొందరు పిల్లలు లోపంతో పుడతారు. అమెరికా లెక్కల ప్రకారం ప్రతి 33 మంది శిశువుల్లో ఒకరికి ఏదో ఒక పుట్టుకలోపం ఉంటుంది. కాబట్టి 1000 మంది సైనికుల పిల్లల్లో 30 మందికి లోపం కనిపిస్తే అది మామూలుగా ఉండేదే. 30కి మించి ఎంతమంది, ఏ లోపంతో ఉన్నారన్నదే ప్రశ్న.

1984లో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన పెద్ద పరిశోధనలో, వియత్నాం వెళ్ళివచ్చిన తండ్రులకు లోపంగల బిడ్డలు పుట్టే ప్రమాదం మొత్తం మీద ఎక్కువగా లేదని తేలింది. అయితే స్పైనా బిఫిడా, అంటే బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకపోవడం అనే ఒక్క లోపం గూర్చి అనుమానం మిగిలింది. 1996లో అమెరికా నిపుణుల సంఘం దీనికి "పరిమితమైన సాక్ష్యం ఉన్నది" అని చెప్పింది. మరి 20 ఏళ్ళకు, 2016లో, అదే సంస్థ వారు కొత్త పరిశోధనలు చూసి "సాక్ష్యం చాలదు" అని మార్చారు. 2006లో అనేక పరిశోధనలను కలిపి చేసిన మరొక విశ్లేషణలో సంబంధం ఉన్నట్లు కనిపించింది. వియత్నాంలో జరిగిన పరిశోధనల్లో అది బలంగాను, ఇతర దేశాల పరిశోధనల్లో తక్కువగాను ఉంది.

పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. "సాక్ష్యం చాలదు" అంటే "హాని లేదు" అని అర్థం కాదు. ఏ సైనికునికి ఎంత విషం తగిలిందో ఆనాడు ఎవరూ కొలవలేదు. సంవత్సరాలు గడిచాక కొలవడం కష్టం. కొలవనిదాన్ని తూకం వేయలేము.

6. రుజువుకోసం ఆగకుండా చేసిన సహాయం

రుజువు పూర్తికాకపోయినా అమెరికా ప్రభుత్వం 1996లో ఒక చట్టం చేసి, వియత్నాం వెళ్ళివచ్చిన సైనికుల పిల్లల్లో స్పైనా బిఫిడా ఉన్నవారికి వైద్యం, నెలనెలా భృతి, వృత్తి శిక్షణ ఇవ్వడం 1997 నుండి మొదలుపెట్టింది. 2016లో నిపుణుల మాట మారినా ఈ సహాయం ఆపలేదు.

వియత్నాంలో పనిచేసిన అమెరికా స్త్రీలలో ఎక్కువ మంది నర్సులు. ఈ మాట వ్రాసేటప్పుడు మా మనసు బరువెక్కుతుంది. గాయపడినవారికి కట్లు కట్టడానికి వెళ్ళిన ఆ అక్కచెల్లెళ్ళ పిల్లల్లో పుట్టుకలోపాలు ఎక్కువగా ఉన్నాయని పరిశోధనలో కనిపించింది. దానితో 2000లో మరొక చట్టం వచ్చింది. గ్రహణమొర్రి, గుండె లోపాలు, వంకర పాదం, తుంటి కీలు జారడం, మెదడులో నీరు చేరడం మొదలైన 18 లోపాలకు ఆ తల్లుల పిల్లలకు సహాయం దొరుకుతున్నది. ఆ చట్టం "డయాక్సిన్ వల్లనే" అని చెప్పదు. "తల్లి అక్కడ పనిచేసింది" అన్నది చాలు.

వియత్నాం పిల్లల సంగతి ఇంకా కష్టం. మందు చల్లని ఉత్తర ప్రాంతంలో కూడా, దక్షిణాన పోరాడి ఇంటికి తిరిగివచ్చిన సైనికుల ఇళ్ళలో లోపాలతో పిల్లలు పుట్టారని అక్కడివారు చెబుతారు. హో చి మిన్ నగరంలోని టూ డూ ప్రసూతి ఆసుపత్రిలో అటువంటి పిల్లల కొరకు 1990లో "శాంతి గ్రామం" అనే విభాగం తెరిచారు. ఆ ఆసుపత్రి డాక్టరు న్గుయెన్ థి న్గోక్ ఫువాంగ్ గారు తన జీవితమంతా ఈ పిల్లల కొరకు పనిచేసి 2024లో రామన్ మెగసెసే అవార్డు అందుకొన్నారు. హనోయ్ దగ్గర మాజీ సైనికులకు, వారి పిల్లలకు ఆశ్రయమిచ్చే "స్నేహ గ్రామం" 1998లో మొదలైంది. దాన్ని తలపెట్టినవారు జార్జ్ మైజో అనే అమెరికా మాజీ సైనికుడు. ఒకప్పుడు ఆ నేల మీద తుపాకీ పట్టినవాడే అక్కడ పిల్లలకు ఇల్లు కట్టించాడు.

నేలను శుభ్రం చేసే పని కూడా ఆలస్యంగానైనా జరిగింది. డ్రమ్ములు నిలువచేసిన డా నాంగ్ విమానాశ్రయంలో 2012 నుండి 2018 వరకు రెండు దేశాలూ కలిసి సుమారు 90,000 ఘనపు మీటర్ల మట్టిని 300 డిగ్రీలకు పైగా వేడిచేసి విషాన్ని విరిచాయి. ఇంకా ఎక్కువ విషం మిగిలిన బియన్ హోవాలో 2019లో పని మొదలైంది.

7. దీని నుండి మనము నేర్చుకోవలసినది

మన పొలాల్లో: 2,4-డి అనే కలుపు మందు మన వరి పొలాల్లోనూ వాడతారు. "అయితే మనమూ ఏజెంట్ ఆరెంజే చల్లుతున్నామా?" అని భయపడనక్కరలేదు. టి.సి.డి.డి. వచ్చినది 2,4,5-టి నుండి. దానికి మన దేశంలో అనుమతి లేదు. అయినా ఏ మందూ నీళ్ళలాంటిది కాదు. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు మందు కలపరాదు, చల్లరాదు. చల్లి వచ్చిన తండ్రి స్నానం చేసి, బట్టలు మార్చుకొన్న తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలు వేరుగా ఉతకాలి. మందు సీసాలను, డబ్బాలను ఇంట్లో తాగేనీటికి, నూనెకు ఎన్నడూ వాడకూడదు.

గర్భానికి ముందే: స్పైనా బిఫిడాకు కారణాలు పలురకాలు. చాలావరకు ఆపగల మందు మాత్రం మన దగ్గరే ఉంది, అదే ఫోలిక్ ఆసిడ్ మాత్ర. బిడ్డ వెన్ను గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అంటే గర్భం వచ్చిందని చాలామంది తల్లులకు తెలిసేలోపే ఆ పని అయిపోతుంది. అందుకే బిడ్డ కావాలనుకొన్నప్పటి నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మొదలుపెట్టి, మొదటి మూడు నెలలు మానకుండా వేసుకోవాలి. ముందు కాన్పులో ఇటువంటి బిడ్డ పుట్టిన తల్లులకు డాక్టరు ఎక్కువ మోతాదు వ్రాస్తారు. అలా ఇచ్చినప్పుడు ఈ లోపం మళ్ళీ రావడం సుమారు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చూపించింది. మోతాదు మీరే పెంచుకోవద్దు, డాక్టరును అడగండి.

బిడ్డ పుట్టిన తరువాత: వీపు మీద గడ్డతో పుట్టిన బిడ్డను బోర్లా పడుకోబెట్టండి. గడ్డను నొక్కరాదు, చిదమరాదు, పసుపు గాని నూనె గాని పూయరాదు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. త్వరగా ఆపరేషన్ చేయించి, తల చుట్టుకొలత చూపించుకుంటూ, మూత్రం శుభ్రంగా తీయడం నేర్చుకొంటే ఈ పిల్లలు బడికి వెళ్ళి చదువుకోగలరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద 18 ఏళ్ళ వరకు పిల్లలకు వెన్నెముక లోపం, గ్రహణమొర్రి, వంకర పాదం, గుండె జబ్బు వంటివాటికి ప్రభుత్వమే పరీక్షలు, చికిత్స ఏర్పాటు చేస్తుంది. మీ ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం.ను గాని అడగండి.

8. మమ్మల్ని అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: పాలలో విషాలు వస్తాయంటే తల్లిపాలు మాన్పించాలా?
జవాబు: వద్దు. తల్లిపాలలో కొద్దిగా డయాక్సిన్ ఉండవచ్చునని తెలిసి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాలే ఇవ్వమని చెబుతున్నది. పాలవల్ల కలిగే మేలు చాలా ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి లోపంతో పుట్టాడు. కారణం తెలుసుకొనే పరీక్ష ఉన్నదా?
జవాబు: కొన్ని లోపాలకు జన్యుపరీక్షలో కారణం తెలుస్తుంది. చాలావాటికి తెలియదు. తెలిసినా తెలియకపోయినా వైద్యం ఆగకూడదు.

ప్రశ్న: మళ్ళీ బిడ్డను కనవచ్చా?
జవాబు: చాలామందికి తరువాతి బిడ్డ ఆరోగ్యంగా పుడుతుంది. కాని గర్భానికి ముందే వచ్చి డాక్టరుతో మాట్లాడండి. ఐదో నెలలో స్కానింగ్ తప్పనిసరిగా చేయించుకోండి.

ముగింపు

50 ఏళ్ళు దాటినా, పెద్ద పెద్ద నిపుణులు కూర్చొని చదివినా, "ఎవరి వల్ల?" అన్న ప్రశ్నకు పూర్తి జవాబు దొరకలేదు. అంతమంది తేల్చలేనిదాన్ని మనము పురిటి మంచం దగ్గర నిలబడి ఒక్క నిమిషంలో తేల్చి, ఒక తల్లి మీద వేయడం న్యాయమా? కారణం వెదకడం అవసరమే. దాన్ని పరిశోధకులు వెదుకుతారు. ఇంటివారు చేయవలసినది బిడ్డను ఎత్తుకోవడం, తల్లికి వేడి అన్నం పెట్టడం, ఆసుపత్రికి తోడు రావడం.

ఇకమీదట మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని అలాంటి బిడ్డ పుడితే "ఎందుకిలా అయింది?" అనవద్దు. "మేము ఏమి చేయమంటారు?" అని అడగండి. ఏమి చేయాలో చెప్పడానికి మా వార్డులో పగలూ రాత్రీ ఒక సిస్టర్ ఉంటుంది.

ఇంట్లో అందరూ కలిసి చెప్పుకోవడానికి:
1. డయాక్సిన్ ఒంటిలో ఎక్కడ నిలిచి ఉంటుంది? సగం తగ్గడానికి ఎన్నేళ్ళు పడుతుంది?
2. "సాక్ష్యం చాలదు" అనడానికీ "హాని లేదు" అనడానికీ తేడా ఏమిటి?
3. ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఎప్పటి నుండి వేసుకోవాలి? ఎందుకు?
4. మందు చల్లి వచ్చిన తండ్రి బిడ్డను ఎత్తుకొనే ముందు ఏమి చేయాలి?

– నర్సింగ్ సూపరింటెండెంట్